రొమ్ములో నీటి తిత్తులు: ముందు స్కానింగ్, ఆ తర్వాతే పథ్యం

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కొద్ది రోజుల క్రితం మీ పత్రిక ఆరోగ్యపు పేజీలో, రొమ్ములో ఏర్పడే నీటి తిత్తులను ఆహార నియమాలతో, మూలికలతో కరిగించుకోవచ్చునంటూ వచ్చిన వ్యాసాన్ని ఒకటికి రెండుసార్లు శ్రద్ధగా చదివాను. ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోకుండా దాచుకునే ఇటువంటి బాధకు ఒక దినపత్రిక సగం పేజీ కేటాయించడం సంతోషించవలసిన విషయమే. కాఫీ మానేయమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, అవిసె గింజలు తినమన్నారు, రెండు మూడు రకాల నూనెలూ మూలికా గుళికలూ సూచించారు, పట్లూ పైపూతల గురించి కూడా చెప్పారు. అయితే ఎంత వెతికినా ఒక్క మాట మాత్రం కనిపించలేదు. చేతికి తగిలిన గడ్డ నీటి తిత్తేనని ముందుగా ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి అన్నదే ఆ మాట. అది లేకపోతే ఏమవుతుందో స్వానుభవంతో తెలిసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైనదే, మన్నించి, వీలైనంత వరకు కత్తిరించకుండా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

నాకు 43 ఏళ్లు నిండిన ఏడాది, ఒకరోజు స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపుగా, గోళీకాయంత గడ్డ ఒకటి వేళ్లకు తగిలింది. నున్నగా ఉంది, నొక్కితే అటూ ఇటూ జారుతోంది, నెలసరి దగ్గరపడిన రోజులు కావడంతో ముట్టుకుంటే నొప్పి పుడుతోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. డాక్టరు ఏం చెబుతారోనన్న భయం ఒక పక్క, చూపించుకోవాలంటే బిడియం మరో పక్క. సరిగ్గా అటువంటి సమయంలోనే మొన్నటి మీ వ్యాసం లాంటిదే మరొకటి నా కంటపడింది. నాకు కావలసిన ధైర్యం అందులో దొరికింది. ఇవి ప్రమాదం లేని నీటి గడ్డలనీ, పథ్యంతో కరిగిపోతాయనీ అందులో రాశారు. ఆ వాక్యం రాసినవారు నా గడ్డను చూసి రాయలేదు కదా అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. నాలుగు నెలల పాటు ఆ పథ్యమే పట్టాను. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏ రోజు ఏం తిన్నానో, ఏ గుళిక వేసుకున్నానో, నొప్పి ఎంత ఉందో, రోజూ పడుకోబోయే ముందు రాసుకునేదాన్ని. ఆ పుస్తకం ఇప్పుడు కూడా నా ముందే ఉంది. ఈ ఉత్తరంలో దాని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

అసలు నీటి తిత్తి అంటే ఏమిటో రెండు మాటల్లో చెబితే తప్ప, మందు పనిచేసిందా లేదా అన్న సంగతి అర్థం కాదు. రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న గదులు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. పాలిచ్చే అవసరం లేని కాలంలోనూ వాటి లోపలి పొర కొద్దిపాటి ద్రవాన్ని ఊరిస్తూనే ఉంటుంది, తిరిగి పీల్చుకుంటూనే ఉంటుంది. సుమారు 35 ఏళ్ల నుంచి 50 ఏళ్ల మధ్య ఈ గదులు క్రమంగా ముడుచుకుపోతూ, చుట్టూ పీచులాంటి కణజాలం పెరిగే దశలో, ఊరే ద్రవానికీ ఇంకిపోయే ద్రవానికీ లెక్క తప్పుతుంది, లేదా బయటికి పోయే సన్నని నాళం మూసుకుపోతుంది. అప్పుడు ఆ గది బుడగలా ఉబ్బుతుంది. అదే తిత్తి. కొన్ని స్కానింగులో తప్ప కనబడనంత చిన్నవి, కొన్ని చేతికి స్పష్టంగా తగిలేంత పెద్దవి. ఒకటే రావచ్చు, రెండు వైపులా పదీ పదిహేనూ ఉండవచ్చు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల ఎగుడుదిగుడులను బట్టి ఇవి నెలసరికి ముందు బిగుసుకుని నొప్పి పెడతాయి, ఆ తర్వాత మెత్తబడతాయి. నెలసరి పూర్తిగా ఆగిపోయాక చాలామందిలో కొత్తవి రావడం మానేస్తాయి; ఆ వయసులో హార్మోన్ మాత్రలు వాడేవారిలో మాత్రం కొనసాగవచ్చు.

ఇందులో మనం తెచ్చిపెట్టుకున్న రోగమంటూ ఏదీ లేదు. ఒకప్పుడు వైద్యులు కూడా దీన్నీ, దీంతోపాటు వచ్చే గట్టిదనాన్నీ, నొప్పినీ కలిపి 'ఫైబ్రోసిస్టిక్ వ్యాధి' అనేవారు. ఇంత ఎక్కువమంది స్త్రీలలో కనిపించే మార్పును వ్యాధి అని పిలవడం సబబేనా అని 1982లో అమెరికాలోని ముగ్గురు పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ప్రశ్నించారు. క్రమేణా వ్యాధి అన్న మాట పోయి 'ఫైబ్రోసిస్టిక్ మార్పులు' అనడం అలవాటైంది. పేరు మారడం చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, నాకు మాత్రం ఆ సంగతి తెలిసిన రోజున గుండెల మీది బరువు దిగినట్టయింది. జబ్బు కాని దానికి చికిత్స ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడి నుంచే మొదలైంది.

నాలుగు నెలల తర్వాత గడ్డ తగ్గకపోగా కొంచెం పెరిగిందనిపించి, ఇక ఆగలేక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ చేత్తో చూసి, చేతి స్పర్శను బట్టి ఇది నీటి గడ్డో గట్టి గడ్డో కచ్చితంగా చెప్పడం తన వల్ల కాదని ముందే చెప్పి, మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ రెండూ రాశారు. 40 ఏళ్లు దాటిన వారికి సాధారణంగా రెండూ చేస్తారట. 30 లోపు వయసు వారికైతే అల్ట్రాసౌండుతోనే మొదలుపెడతారు. మామోగ్రామ్‌లో గడ్డ నీడలా కనిపిస్తుందే గానీ లోపల ఉన్నది నీరో కండో తెలియదు. అది తేల్చేది అల్ట్రాసౌండే. ఆ గదిలో చల్లటి జెల్లు పూసి, పరికరాన్ని గడ్డ మీద ఆనించగానే తెరపై బూడిదరంగు చారల నడుమ నల్లటి గుండ్రని మచ్చ ఒకటి తేలింది. దాని అంచు పెన్సిలుతో గీసినంత సన్నగా, తీరుగా ఉంది. మచ్చకు వెనకవైపు భాగం మాత్రం చుట్టుపక్కల కంటే తెల్లగా మెరుస్తోంది. నీటిలో నుంచి శబ్ద తరంగాలు అడ్డు లేకుండా సాగిపోతాయి కాబట్టి లోపల నల్లగా, వెనక వెలుగుగా కనిపిస్తుందని స్కానింగు చేసిన రేడియాలజిస్టు తెర మీద వేలు పెట్టి చూపించారు. ఇలా లోపల ఏమీ లేకుండా, పలచటి గోడతో, వెనక వెలుగుతో ఉంటే అది సాధారణ తిత్తి. ఆ గుర్తులన్నీ ఉన్నప్పుడు మరో అనుమానానికి తావు ఉండదు. నా రిపోర్టులో 'బైరాడ్స్ 2' అని రాసి ఇచ్చారు. బైరాడ్స్ అంటే స్కానింగులో కనిపించినదాన్ని ఎంత అనుమానించాలో చెప్పే అంకె; 2 అంటే హాని లేనిదని.

ఈ బైరాడ్స్ అంకె గురించి పాఠకులకు తెలియడం చాలా అవసరమని నా అభిప్రాయం. ఎందుకంటే, తిత్తులన్నీ ఒక్కటి కావు. సాధారణ తిత్తికి 2. లోపల తేట నీరు కాకుండా మడ్డిలాంటిది తేలుతూ ఉంటే, చాలా సందర్భాల్లో 3 వేస్తారు. అందులో క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి 2 కన్నా తక్కువ, అయినా దాదాపు 6 నెలల తర్వాత మళ్లీ స్కానింగ్ చేయించమంటారు. గోడ మందంగా ఉన్నా, లోపల కొంత గట్టి భాగం ఉన్నా అది 4లోకి వెళుతుంది, దానికి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేయాలి. ఈ మూడింటినీ కలిపి 'నీటి గడ్డ' అనే మనం అంటాం. చేతికి మూడూ ఒకేలా తగలవచ్చు. పథ్యం గురించి రాసే వ్యాసం ఈ తేడా చెప్పకుండా మొదలైతే, చదివే ప్రతి స్త్రీ తనది మొదటి రకమేనని అనుకుంటుంది. నేనూ అలాగే అనుకున్నాను. నా విషయంలో అది నిజమే అయింది, కానీ అది అదృష్టమే తప్ప నా తెలివితేటలు కావు.

ఇక కరిగిపోవడం సంగతి. సాధారణ తిత్తులు చాలావరకు తమంతట తామే చిన్నవవుతాయి, కొన్ని నెలల్లోనో ఒకటి రెండేళ్లలోనో మాయమవుతాయి, మరోచోట కొత్తవి పుడతాయి. నొప్పి నెలసరితో పాటు పెరిగి తగ్గుతుంది. నా నోటు పుస్తకంలో ఆ నాలుగు నెలల నొప్పి అంకెలను తర్వాత తీరిగ్గా కూర్చుని గళ్ల కాగితం మీద గీసి చూశాను. ప్రతి నెలా ఒక కొండ, ఒక లోయ. నేను కొత్త గుళిక మొదలుపెట్టిన తేదీలన్నీ కొండ శిఖరం మీదే ఉన్నాయి; అది సహజమే కదా, భరించలేనంత బాధ వచ్చిన రోజునే ఎవరైనా కొత్త మందు వెతుకుతారు. ఆ మర్నాటి నుంచో మూడో రోజు నుంచో నొప్పి తగ్గుముఖం పట్టేది, నేను ఆ గొప్ప గుళికకు కట్టబెట్టేదాన్ని. కాకి వాలడానికీ తాటిపండు పడడానికీ ఉన్న సంబంధమే దానికీ ఉన్నది. ఏ మందూ వేయని నెలలో కూడా సరిగ్గా అదే లోయ ఉంది. ఇది కాగితం మీద చూసే వరకు నాకు తట్టలేదు, ఎవరైనా నోటితో చెబితే నమ్మేదాన్నీ కాదు. అందుకే ఈ బాధలో ఏ మందునైనా, ఉత్తి గుళికతో పక్కపక్కనే పెట్టి పోల్చి చూడనిదే నమ్మడానికి లేదు. రొమ్ము నొప్పి మీద జరిగిన చాలా పరీక్షల్లో, మందు లేని ఉత్తి గుళికలు మింగినవారిలో కూడా గణనీయమైన భాగానికి ఉపశమనం కలిగింది.

ఈ దృష్టితో మీ వ్యాసంలోని సూచనలను ఒక్కొక్కటిగా చూడాలని అనిపించింది. అన్నింటికంటే ముందు కాఫీ. కాఫీ, టీ, చాక్లెట్లలో ఉండే కెఫీన్ జాతి పదార్థాలు మానేస్తే రొమ్ములోని గడ్డలు తగ్గాయని 1979లో అమెరికాలో జాన్ మింటన్ అనే శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించారు. నేటికీ ప్రతి వ్యాసంలోనూ వినిపించే సలహాకు మూలం అదే. అయితే ఆయన చూసినవారిని పోల్చడానికి సరైన మరో బృందం లేదు. 1980లలో స్త్రీలను రెండు బృందాలుగా చేసి, ఒక బృందం చేత కెఫీన్ మాన్పించి చూసిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనబడలేదు. ఆ తర్వాతే కాఫీ మాట ఆగిపోవలసింది, ఆగలేదు. కాఫీ తగ్గించుకుంటే నిద్ర బాగుపడవచ్చు, కొందరికి నొప్పి కూడా తగ్గినట్టు ఉండవచ్చు, ఇష్టమైతే రెండు మూడు నెలలు మాని చూడడంలో నష్టమేమీ లేదు. కానీ తిత్తి పోవడానికి కాఫీ మానడం షరతు కాదు. పొద్దున్నే ఒక్క కప్పు తాగిందని తనను తాను నిందించుకునే మనిషిని నేను చూశాను, ఆ నింద మోయవలసిన అవసరం ఆమెకు లేదని చెప్పాలని ఉంది.

కొవ్వు విషయంలో కొంత ఆధారం ఉంది. కెనడాలో 1988లో జరిగిన ఒక చిన్న పరీక్షలో, నెలనెలా తీవ్రమైన రొమ్ము నొప్పి వచ్చే 21 మంది స్త్రీలలో కొందరి ఆహారంలో కొవ్వును మొత్తం కేలరీల్లో 15 శాతానికి తగ్గించి ఆరు నెలలు చూస్తే, వాపూ నొప్పీ తగ్గాయి. 15 శాతం అంటే మాటలు కాదు, రోజూ ప్రతి చెంచా నూనెనూ లెక్కపెట్టుకుంటే గానీ అంత తక్కువకు రాదు. పైగా అది నొప్పి గురించిన లెక్క, తిత్తి పరిమాణం గురించినది కాదు. ఉప్పు తగ్గించడం గురించి ఇంకా తక్కువ తెలుసు. ఒంట్లో నీరు నిలవడం తగ్గితే బిగువు తగ్గుతుందన్న ఊహ మంచిదే, రక్తపోటుకు ఎలాగూ మేలే. అవిసె గింజల్లో లిగ్నాన్లనే పదార్థాలున్నాయి. అవి ఈస్ట్రోజెన్ పనితీరు మీద కొద్దిగా ప్రభావం చూపుతాయి. రోజుకు రెండు మూడు పెద్ద చెంచాల పొడి తీసుకున్నవారిలో నెలనెలా వచ్చే రొమ్ము నొప్పి కొంత తగ్గినట్టు చిన్న పరీక్షలు కొన్ని చెబుతున్నాయి. గింజల్ని పొడి చేయకుండా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి, తగినన్ని నీళ్లు తాగకపోతే కడుపు బిగుస్తుంది. నా పుస్తకంలో ఈ రెండు పొరపాట్లూ నమోదై ఉన్నాయి.

మూలికా తైలాల్లో ఎక్కువ పేరు పొందినది ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె. ఇందులో గామా లినోలెనిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు ఆమ్లం ఉంటుంది. ఒకప్పుడు బ్రిటన్‌లో రొమ్ము నొప్పికి దీన్ని అనుమతి పొందిన మందుగా వైద్యులే రాసేవారు. తగినంత ప్రయోజనం రుజువు కాలేదన్న కారణంతో 2002లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఆ అనుమతిని ఉపసంహరించుకుంది. ఆ తర్వాత 2005లో వెలువడిన, 555 మంది మీద జరిగిన పరీక్షలోనూ అది ఉత్తి గుళికను మించి పనిచేయలేదు. ప్రమాదకరమైనదని కాదు, నెలల తరబడి డబ్బు పోస్తే వచ్చేది ఏమిటన్నదే ప్రశ్న. విటమిన్ ఇ కథ కూడా ఇంతే. మొదట్లో ఆశ పుట్టించింది, 1985లో 128 మంది మీద జాగ్రత్తగా చేసిన పరీక్షలో తేలిపోయింది. వైటెక్స్ అనే చెట్టు పండ్ల నుంచి తీసే సారం మాత్రం వీటికంటే కాస్త మెరుగు. అది పాలు ఊరడానికి తోడ్పడే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది, యూరప్‌లో జరిగిన కొన్ని పరీక్షల్లో నెలసరి ముందు వచ్చే రొమ్ము నొప్పి దానితో తగ్గింది. నొప్పే, తిత్తి కాదు. నెలనెలా వచ్చే నొప్పికి ఒక మూలికను ప్రయత్నించాలనుకునే వారికి డాక్టరుతో మాట్లాడి మూడు నెలలు ఇది చూడవచ్చునని నేను అంటాను. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, గర్భిణులు, గర్భ నిరోధక మాత్రలో మానసిక వ్యాధుల మందులో వాడుతున్నవారు మాత్రం తమంతట తాము మొదలుపెట్టకూడదు.

అయొడిన్ చుక్కల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో వాటికి మోతాదు కూడా ఇవ్వలేదు. పెద్దవారికి రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. రొమ్ము నొప్పి మీద జరిగిన పరీక్షల్లో వాడినవి మిల్లీగ్రాములు, అంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అదీ వైద్యుల పర్యవేక్షణలో. అంత మోతాదు ఇంట్లో చుక్కల లెక్కన వేసుకుంటే థైరాయిడ్ గ్రంథి అటు మందగించనూ వచ్చు, ఇటు చెలరేగనూ వచ్చు. హాని లేని తిత్తి కోసం పోయి హాని ఉన్న రోగం తెచ్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

మూలికలు కదా, ఏం చేస్తాయిలే అన్న ధీమా నాకూ ఉండేది. ఏ పుట్టలో ఏ పాముందో అన్నట్టు ఒకేసారి నాలుగు రకాలు మింగాను. మూలికలో పనిచేసే గుణం ఉంటే, చెడు చేసే గుణం కూడా దానితోపాటే ఉంటుంది. ఆహారంలో వాడుకునేంత పసుపుతో ఏమీ కాదు, దాన్నే గాఢమైన గుళికలుగా రోజూ మింగినవారిలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు నమోదయ్యాయి. గ్రీన్ టీ సారం గుళికల విషయంలో, ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయానికి ఇబ్బంది రావచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. వెల్లుల్లి సారం, గింకో అనే చెట్టు ఆకుల సారం వంటివి రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గించే అవకాశం ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి, బయాప్సీకి వెళ్లబోయేవారికి ఈ సంగతి తెలియాలి, తాము ఏం మింగుతున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. పైపూతల మాటకొస్తే, పచ్చి వెల్లుల్లి ముద్ద కట్టి ఉంచితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. గడ్డను 'లాగి బయటపడేస్తాయి' అంటూ అమ్మే నల్లటి లేపనాలు కొన్ని నిజానికి కండను తినేసే రసాయనాలు. అవి చర్మాన్ని మాడ్చి మచ్చ మిగులుస్తాయి, లోపలి గడ్డను ఏమీ చేయలేవు. తిత్తి లోపలి నీటిని చర్మం మీది పూత ఏదీ చేరి పీల్చలేదు. గోరువెచ్చని కాపడం నొప్పికి హాయినిస్తుంది, అంతవరకే.

ఇవన్నీ భరించదగ్గ నష్టాలే. భరించలేనిది కాలం. నాతోపాటు చాలాకాలం పనిచేసిన ఒకామె, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, నెలసరి ఆగిపోయి రెండేళ్లయిన తర్వాత రొమ్ములో గడ్డ కనిపిస్తే నన్నే అడిగింది. అప్పటికి నా తిత్తి సాధారణమేనని తేలిపోయింది, భయం పోయింది, నోటికి ధైర్యం వచ్చింది. "ఏం కాదక్కా, నాకూ అలాంటిదే వచ్చింది" అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఎనిమిది నెలలు ఆకుల పట్లు వేసుకుంది. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంది. చంకలో ఇంకో గడ్డ తేలాక వెళ్లింది. అది తిత్తి కాదు. చికిత్స తీసుకుంది, ఇవాళ మా మధ్యే ఉంది, అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఎనిమిది నెలల ముందు వెళ్లి ఉంటే అంత పెద్ద చికిత్స అవసరం ఉండేది కాదని ఆమెకు వైద్యం చేసినవారు చెప్పారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆమెకు నేనిచ్చిన సలహా, మీ వ్యాసం ఇచ్చిన సలహా రెండూ ఒకటే: గడ్డను చూడకుండా ఇచ్చిన భరోసా. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

ఆమె వయసు, నొప్పి లేకపోవడం ఈ రెండూ నన్ను ఆపవలసిన గుర్తులు. నెలసరి ఆగిపోయాక కొత్తగా వచ్చిన ఏ గడ్డనైనా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఏ వయసులోనైనా సరే, గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోయినా, చర్మం లోపలికి సొట్టపడినా, నారింజ తొక్కలా గరుకుగా మారినా, చనుమొన కొత్తగా లోపలికి ముడుచుకుపోయినా, దాని నుంచి రక్తం కలిసిన ద్రవం కారినా, చంకలో గడ్డ తగిలినా ఆ వారంలోనే వెళ్లాలి. ఇవేవీ లేని మామూలు గడ్డ అయినా ఒక నెలసరి గడిచాక కూడా పోకపోతే చూపించుకోవలసిందే. తిత్తులున్నాయని ఇదివరకే తేలిన స్త్రీ కూడా కొత్త గడ్డ కనిపిస్తే "నాకు మామూలే" అని ఊరుకోకూడదు. తిత్తులున్న రొమ్ములో వేరే గడ్డ రాకూడదన్న నియమమేమీ లేదు.

మరి సాధారణ తిత్తి అని తేలాక ఏం చేయాలి? చాలామందికి ఏమీ చేయనక్కర్లేదు. ఈ జవాబు విన్నప్పుడు నాకు మొదట కోపం వచ్చింది, అంత భయపడి వెళితే ఉత్త చేతులతో పంపిస్తున్నారేమిటని. ఇప్పుడు ఆలోచిస్తే అది నాకు దొరికిన మంచి వైద్యం. సాధారణ తిత్తి క్యాన్సర్‌గా మారదు, దాన్ని తీసేయాల్సిన పని లేదు. నొప్పి బాధిస్తుంటే ముందుగా చూడవలసింది లోదుస్తులు. సరైన కొలతతో, కదలిక లేకుండా గట్టిగా పట్టి ఉంచే బ్రా పగలూ, అవసరమైతే రాత్రీ వేసుకుంటే ఎంత ఉపశమనం ఉంటుందో వేసుకుని చూసినవారికి తెలుస్తుంది. 2000లో వెలువడిన ఒక పరిశీలనలో క్రీడాకారిణులు వాడే తరహా బ్రా వేసుకున్నవారిలో 85 శాతం మందికి నొప్పి తగ్గింది, డానజోల్ అనే హార్మోన్ మందు వాడినవారిలో 58 శాతం మందికే తగ్గింది. ఆ మందుకు బరువు పెరగడం, మొటిమలు, గొంతు మారడం లాంటి దుష్ఫలితాలు కూడా ఉన్నాయి. నొప్పిని తగ్గించే జెల్లును పైన రాసుకోవడం కూడా చాలామందికి పనిచేస్తుంది. నెలసరి ఆగిపోయాక హార్మోన్ మాత్రలు వాడుతున్నవారు వాటి మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి.

తిత్తి పెద్దదై ఒత్తుతూ ఉంటే సూదితో నీరు తీస్తారు. నాకు అదే చేశారు. ఇరవై మిల్లీలీటర్ల సిరంజికి సన్నని సూది తగిలించి, స్కానింగు తెర చూస్తూ గుచ్చారు. చెయ్యి చాపి రక్తం ఇచ్చినప్పటి కంటే నొప్పి ఏమీ ఎక్కువ లేదు. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ద్రవం సిరంజిలోకి ఎక్కుతుంటే, తెర మీది నల్లటి గుండ్రం నా కళ్లముందే నలిగి, సన్నని గీతై, కనబడకుండా పోయింది. ఆరు మిల్లీలీటర్లు. నాలుగు నెలల నా నిద్రను హరించినది రెండు చెంచాలు కూడా నిండని ఆ నీరేనా అని దాన్నే చూస్తూ ఉండిపోయాను. రక్తం కలవకుండా ఇలా రంగు నీరు వచ్చి, గడ్డ పూర్తిగా పోతే దాన్ని పరీక్షకు పంపే అవసరం సాధారణంగా ఉండదు. రక్తం కలిసి వచ్చినా, నీరు తీశాక కూడా గడ్డ మిగిలినా, తీసిన చోటే పదేపదే నిండుతున్నా తదుపరి పరీక్షలు చేస్తారు. ఒకసారి మళ్లీ నిండడం మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు.

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. పథ్యం గురించీ మూలికల గురించీ రాయవద్దని నేను అనడం లేదు. తన ఒంటి కోసం తాను ఏదో ఒకటి చేసుకుంటున్నానన్న తృప్తి మనిషికి కావాలి, దాన్ని తక్కువ చేసి చూడను. అయితే ఇటువంటి వ్యాసం ప్రచురించిన ప్రతిసారీ మొదటి పేరాలోనే, చివర చిన్న అక్షరాల్లో కాదు, "ఇక్కడ చెప్పినవి అల్ట్రాసౌండులో సాధారణ తిత్తి అని తేలినవారికి మాత్రమే, కొత్తగా గడ్డ కనిపించినవారు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి" అన్న రెండు వాక్యాలు వేయండి. ఏ నూనె గురించి, ఏ గుళిక గురించి రాసినా అది నొప్పి తగ్గిస్తుందంటున్నారా, తిత్తిని తగ్గిస్తుందంటున్నారా అన్నది విడదీసి రాయించండి. మోతాదు, ఎవరు వాడకూడదు అన్నవి లేకుండా ఏ మూలికనూ సూచించనివ్వకండి. మొన్నటి వ్యాసానికి కూడా ఈ మేరకు ఒక వివరణ వేస్తే, దాన్ని కత్తిరించి దాచుకున్న స్త్రీలకు అది చేరుతుంది. అలా దాచుకుంటారని నాకు తెలుసు, నా నోటు పుస్తకం అట్టకు అంటించిన వ్యాసం ఇప్పటికీ ఊడలేదు.

నిరుడు నాకు కుడివైపున మరో గడ్డ తగిలింది. ఈసారి మూడో రోజునే స్కానింగుకు వెళ్లాను. సాధారణ తిత్తేనన్నారు, పన్నెండు మిల్లీమీటర్లు, నీరు తీయనక్కర్లేదన్నారు. ఇంటికి వచ్చి ఆ తేదీ, ఆ కొలత పుస్తకంలో రాసుకుని, అవిసె గింజల పొడి ఎప్పటిలాగే ఒక చెంచా కలుపుకున్నాను. ఆరు నెలల తర్వాత చేత్తో తడిమితే అక్కడ ఏమీ తగల్లేదు. ఆ రోజు పేజీలో దానికి కారణం అంటూ ఏమీ రాయలేదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు